రాజశబ్దము: ఇచ్చినవారిదా, నిలుపుకొన్నవారిదా?

మాటకు సొంతదారు ఎవ్వరు? పొలమునకు పట్టా కలదు. ఇంటికి దస్తావేజు కలదు. మాటకు అట్టిదేదియు లేదు. అయినను మన సంఘముల సభలలో ఈ తగవు తఱచుగా వచ్చుచునే యున్నది. మీ తెలుగు పాతబడినది, ఇరుగుపొరుగు భాషలు కలసి చెడినది అని ఆంధ్రదేశము నుండి వచ్చిన చుట్టములందురు. మీరు పోగొట్టుకొన్నదానిని మేము దాచియుంచితిమి, అసలు తెలుగు మాదే అని మన పెద్దలు బదులు చెప్పుదురు. ఇరువురును తమ చేత పట్టా యున్నట్లే మాటలాడుదురు. మన యింటి తగవును మనమే తీర్చుకొనుట కష్టము. దూరపు ఊరి వ్యాజ్యమును విన్నచో మనస్సు కొంత నిదానముగ పని చేయును. అందులకై ఐరోపా ఖండమున రాజును చెప్పు మాటలు ఒక జాతి నుండి మఱియొక జాతికి ఎట్లు పోయినవో ఇచట చెప్పదలచితిమి. మేము పండితులము కాము. మెట్రిక్యులేషను వరకు చదివి, ముప్పదియైదు సంవత్సరములు ఒక కచ్చేరీలో గుమాస్తా పని చేసి, విశ్రాంతి దొరకిన పిమ్మట ఇట్టి సంగతులను చదువ మొదలిడినవారము.

ఇంగ్లీషువారి "కింగ్", జర్మనుల "క్యోనిగ్", డచ్చివారి "కోనింగ్", డేనుల "కోంగె", స్వీడనువారి "కుంగ్" ఇవి యన్నియు ఒక తల్లి బిడ్డలు. ఆ తల్లియైన ప్రాచీన జర్మానిక భాషలో గ్రంథములు లేవు. కూతుళ్ల ముఖములు చూచి తల్లి పోలికను ఊహించినట్లు, పండితులు ఆ మూలరూపము "కునింగజ్" అయి యుండునని నిర్ణయించిరి. అందు మొదటి భాగమునకు కులము, వంశము అని అర్థము; తరువాతి భాగమునకు దానికి చెందినవాడని అర్థము. అనగా మంచి వంశమున పుట్టినవాడు. సింహాసనము గాని, కిరీటము గాని, దండనాధికారము గాని ఆ మాటలో లేవు. ఇంగ్లీషులో బంధువర్గమును చెప్పు "కిన్" అను మాటయు, లాటిను "గెనుస్" అను మాటయు, సంస్కృతమున జన, జన్మ, జాతి అను శబ్దములును ఒకే ధాతువు నుండి పుట్టినవని చెప్పుదురు.

ఇక ఫిన్లండు దేశమునకు పోవుదము. ఫిన్నుల భాషకును జర్మానిక భాషలకును పుట్టుకలో చుట్టరికము లేదు. తెలుగునకు సంస్కృతమెట్లో వారికి అవి అట్లు, వేఱు కుటుంబము. సుమారు రెండువేల సంవత్సరములకు పూర్వము, బాల్టిక్ సముద్రపు ఒడ్డున ఇరుగుపొరుగుగ ఉన్న కాలమున, ఫిన్నుల పూర్వులు ఆ జర్మానిక జాతుల నుండి ఎన్నియో మాటలు తీసికొనిరి. రాజును చెప్పు మాటయు వానిలో ఒకటి. నేటికిని ఫిన్నులు రాజును "కునింగస్" అందురు. ఎస్టోనియావారును అట్లే అందురు. చదువరులు ఈ రెండు రూపములను ప్రక్కప్రక్కన పెట్టి చూతురు గాక. పండితులు ఊహించిన మూలము "కునింగజ్". ఫిన్ను పిల్లవాడు కథ వినుచు పలుకు మాట "కునింగస్". ఇచ్చినవారి యిండ్లలో ఆ మాట తోక ఏనాడో తెగిపోయినది. ఇంగ్లీషువారు దానిని అరుగదీసి ఒక్క అక్షరమునకు తెచ్చిరి. ఐస్లాండువారి "కోనుంగుర్" చివర మాత్రము పాత జాడ కొంత మిగిలినది. వలయమును చెప్పు ఇంగ్లీషు "రింగ్" కథయు ఇట్టిదే. దాని మూలము "హ్రెంగజ్" అని లెక్క కట్టగా, ఫిన్నులు "రెంగస్" అనుచునే యున్నారు.

కావున అప్పు తెచ్చుకొన్నవాడు భద్రముగ ఉంచెను, ఇచ్చినవాడు అరుగగొట్టుకొనెను. ఇది మాకు వింతగా తోచలేదు. మేము పని చేసిన చోట పాత దస్తావేజులకు నకళ్లు వ్రాయు పని యుండెడిది. భాష తెలిసిన గుమాస్తా నకలు వ్రాయునపుడు తెలియకయే దిద్దును. పాత వర్ణక్రమమును క్రొత్త వర్ణక్రమముగ మార్చును. అర్థము కాని చోట తనకు అర్థమైనది వ్రాయును. భాష తెలియనివాడు కొక్కెమునకు కొక్కెము, చుక్కకు చుక్క దించును. దిద్దు ధైర్యము వానికి లేదు. అసలును చెదలు తిన్న పిమ్మట ఆ రెండవవాని నకలే న్యాయస్థానమున ఎక్కువ పనికి వచ్చినది. ఇంతమాత్రము చేత ఆ దస్తావేజు నకలు వ్రాసినవాని సొత్తు కాలేదు. అసలు పోయిన తరువాత ఇది నకలు మాత్రమే అని త్రోసివేయుటయు ఎవ్వరికిని చెల్లలేదు.

అయితే అప్పు తెచ్చుకొన్నవారందఱును ఫిన్నులవలె భద్రపఱచిరని అనుకొనరాదు. ఆ "కునింగజ్" అను మాటనే స్లావు జాతులవారును తీసికొనిరి. రష్యనులలో అది "క్న్యాజ్" అయి, రాజు క్రిందివాడైన ప్రభువునకు పేరైనది. చెకోస్లావు ప్రాంతములలోను, పోలండులోను దాని సంతతి చర్చిలో ప్రవేశించినది. చెక్కుల "క్న్యెజ్" అనగా నేడు పురోహితుడు. పోలండువారి "క్షోండ్జ్" అనగాను మతగురువే, ఒకప్పుడు ప్రభువను అర్థమున్నను. లిథువేనియావారి "కునిగస్" రూపమున మూలమునకు చాల దగ్గఱ; అర్థమున వాడును గుడిలో పూజ చేయువాడే. ఇంగ్లండులో కిరీటము ధరించినది ఈ మాటయే, లిథువేనియాలో ప్రార్థన చేయించుచున్నది ఈ మాటయే. శరీరమును నిలిపినవారు ఒకరు, ప్రాణమును నిలిపినవారు మఱొకరు. ఎవరిది అసలనవలెను?

స్లావులకు రాజును చెప్పు మాట మఱియొక చోటి నుండి వచ్చినది. ఫ్రాంకుల రాజైన కార్ల్ అనువాడు, ఇంగ్లీషు పుస్తకములలో షార్లమేన్ అనబడువాడు, 800వ సంవత్సరము క్రిస్మసునాడు రోమునగరమున చక్రవర్తిగ కిరీటము ధరించి, 814లో మరణించెను. అతడు తూర్పున స్లావు తెగలపై దండెత్తినవాడు; 789లో ఎల్బె నది దాటి పోయెను. ఆ దండయాత్రలు చూచినవారి సంతతివారు అతని సొంత పేరునే రాజునకు పేరు చేసికొనిరి. రష్యనుల "కరోల్", పోలండువారి "క్రూల్", చెక్కుల "క్రాల్" ఇవి యన్నియు కార్ల్ అను పేరే. హంగరీవారు దానిని "కిరాయ్" అనిరి. మన కిరాయితో దానికి ఏ సంబంధమును లేదు. లిథువేనియావారు "కరాలియుస్" అనిరి. తుర్కులును "క్రాల్" అని తీసికొనిరి. స్లావు భాషలు విడివిడిగా చీలుచున్న కాలమున ఆ పేరు వచ్చి పడినందున, ఒక్కొక్క భాష దానిని తన నియమము చొప్పున మలచినది. కార్ల్ కాలము మనకు తెలియును గనుక, ఆ భాషలు ఎప్పుడు చీలినవో లెక్క కట్టుటకు పండితులు ఈ ఒక్క మాటను గడియారమువలె వాడుదురు.

ఇందు మాకు మిక్కిలి నచ్చిన సంగతి వేఱొకటి కలదు. కార్ల్ అను పేరునకు అర్థమేమి? పురుషుడు, మనుష్యుడు, అంతే. స్వీడనులో నేటికిని మగవానిని "కార్ల్" అందురు. ఇంగ్లండులో ఆ కుదుటి మాటయే దున్నుకొని బ్రతుకు స్వతంత్రుడైన సామాన్యుని చెప్పెడిది. కాలక్రమమున ఆ సామాన్యుల స్థితి దిగజారగా మాటయు దిగజారి, నేడు "చర్ల్" అనగా మోటువాడు, మర్యాద తెలియనివాడు అని అర్థము. ఒకే మాట తూర్పునకు పోయి సింహాసనమెక్కినది, పడమటి దీవిలో నిలిచి తిట్టుగ మాఱినది. ఎల్బె నదికి ఆవల రాజుగ వెలసిన శబ్దమును ఇంగ్లండులో ఒక రైతుపై విసరినచో కొట్లాట పుట్టును. మాటకు స్వతస్సిద్ధమైన గౌరవము కలదని వాదించువారు దీనిని విచారింపవలెను.

సీజరు కథ చాలమందికి తెలిసినదే; అందుచే క్లుప్తముగ చెప్పెదము. రోమునగర ప్రజలకు రాజును చెప్పు "రెక్స్" అను మాట యుండెను. మన రాజశబ్దమునకు అది తోబుట్టువు. తమ కడపటి రాజును క్రీ.పూ. 509లో వెడలగొట్టితిమని వారు చెప్పుకొనెడివారు. నాటినుండి ఆ మాట అన్నచో వారికి ఏవగింపు. జూలియస్ సీజరు రాజు కాగోరెనను అనుమానముతోనే క్రీ.పూ. 44 మార్చి 15న అతనిని పొడిచి చంపిరి. అతని పేరు మాత్రము దత్తపుత్రునకు, వాని పిమ్మటి వారికి సంక్రమించినది. క్రీ.శ. 68లో నీరో మరణముతో ఆ వంశము తెగినను, సంబంధము లేని పాలకులు సైతము ఆ పేరు పెట్టుకొనిరి. రాజనిపించుకొనరాదను పట్టుదలతో ఉన్న నగరము ఒక ఇంటిపేరును రాజశబ్దము కంటె పెద్ద బిరుదుగ చేసి లోకమునకు ఇచ్చినది. జర్మనుల "కైజర్", రష్యనుల "త్సార్" రెండును ఆ పేరే.

ఇచటను అప్పు తీసికొన్నవాని నోటనే పాత పలుకుబడి నిలిచినది. రోమనులు ఆ పేరును "కైసర్" అని పలికెడివారు. లాటిను కన్నబిడ్డలైన ఇటలీ, ఫ్రెంచి భాషలవారు నేడు "చేజరె" అని, "సెజార్" అని అందురు. ఇంగ్లీషువారు "సీజర్" అందురు. జర్మనులు, ఫిన్నులు మొదటి హల్లును చెడనీయలేదు. మన దేశమునకును ఆ మాట రెండు మూడు దారుల వచ్చినది. అటకు సమీపమున ఆరా అను చోట దొరకిన కుషాణ శాసనమున కనిష్కుని బిరుదులలో "కైసర" అను మాటను పండితులు చదివిరి. 1877లో విక్టోరియా రాణికి "కైసరె హింద్" అను బిరుదు ప్రకటించిరి. తెలుగు బైబిలు చదువు మన క్రైస్తవ సోదరులకు "కైసరు" ఇంటి మాట. అనగా తెలుగు పల్లెలోని చర్చిలో వినవచ్చు పలుకు లండను నగరపు పలుకు కంటె రోమునకు దగ్గఱ! ఇంటిపేరు బిరుదగుట వారి కథ. మనలో బిరుదులు పేర్ల చివర చేరినవి. నాయకుడను మాట నుండి వచ్చినది నాయుడు. విజయనగరపు రాయల కాలమున అరవదేశమునకు సేనలతో పోయిన నాయకుల బిరుదు నేడు బడిపంతులు పేరు చివర, బ్యాంకు ఉద్యోగి పేరు చివర ఎవరిని భయపెట్టక కూర్చున్నది.

ఇక అసలు ప్రశ్నకు వత్తము. ఫిన్నులు "కునింగస్" అను మాటను కాపాడవలెనని కాపాడలేదు. వారికి అది అప్పు తెచ్చినదనియే తెలియదు. 1869లో డెన్మార్కు దేశస్థుడైన విల్హెల్మ్ థామ్సెన్ అను పండితుడు జర్మానిక భాషల నుండి ఫిన్నుల భాషకు పోయిన మాటలను గూర్చి గ్రంథము ప్రకటించిన పిమ్మటనే ఆ పాత రూపముల విలువ లోకమునకు స్పష్టమైనది. అంతవరకు ఆ భాష ఎవరిది? రైతులది, చేపలు పట్టువారిది, అడవిలో తారు కాచువారిది. కచ్చేరీలలోను, విద్యాశాలలోను స్వీడిష్ భాష చెల్లెడిది. రష్యా చక్రవర్తి రెండవ అలెగ్జాండరు 1863లో ఇచ్చిన శాసనముతో గాని ఫిన్నుల భాషకు ఇరువది సంవత్సరముల గడువులో సమానస్థాయి కల్పించు ఏర్పాటు రాలేదు. మోటు భాష యనిపించుకొన్న దానిలో ఐరోపా రాజశబ్దపు అతి ప్రాచీన రూపము భద్రముగ నుండెను.

తెలియక కాపాడినవానికి పుణ్యము కలదా? మా మిత్రులలో ఒకరు, సంస్కృతము చదివినవారు, లేదందురు. సంకల్పము లేని దానము దానము కాదు, గోడ సందున పడిన నాణెమును గోడ దాచినదని మెచ్చుకొందుమా అని వారి వాదము. వారి మాట సగము ఒప్పుకొందుము. అసలు తెలుగు మాదే అని గర్వించు మన పెద్దలకు ఆ గర్వమునకు తగిన ఆధారము లేదు. మన పూర్వులు భాషను కాపాడుటకు వలస పోలేదు. పొట్టకూటికి, కొలువునకు, కఱవు తప్పించుకొనుటకు పోయిరి. వెంట నోరు పోయినది, నోటిలో మాట పోయినది. అయితే గోడతో పోల్చుట మాకు సమ్మతము కాదు. గోడ నాణెమును వాడలేదు. ఫిన్ను రైతు తన రాజును, అనగా ఆఱువందల యేండ్లు స్వీడను నుండి ఏలిన పరాయి రాజును, ఆ మాటతోనే తిట్టెను, ఆ మాటతోనే మొక్కెను, పిల్లలకు కథ చెప్పెను. వాడుక లేనిచో ఆ మాట ఒక్క తరములో పోయెడిది. రోజూ వాడుటలో సంకల్పము లేకపోవచ్చును గాని శ్రమ కలదు. పొరుగువాని భాష సులువుగ దొరకుచుండగా ఇంటిలో తన మాట పలుకుట చిన్న శ్రమ కాదని ఈ సంచిక చదువువారికి మేము చెప్పనక్కఱలేదు.

అరుగగొట్టుకొన్నవారినిగూడ తప్పుపట్టుటకు మాకు మనసొప్పదు. "కింగ్" అను మాట చిన్నదైనది ఎందుకు? కోట్లమంది నోళ్లలో వందల యేండ్లు నలిగినందున. గడప అరిగినదన్నచో ఆ ఇంట జనమున్నారని అర్థము. గుంటూరులోను, రాజమహేంద్రవరములోను తెలుగు మాఱినదన్నచో అచట అది సకల కార్యములకు చెల్లుచున్నదని తెలియవలెను. బజారు, బడి, సినిమా, శాసనసభ, అన్నియు దానిని త్రొక్కుచు పోవుచున్నవి. మన యిండ్లలో అది మాఱకుండుటకు ఒక కారణము, అది వంటగది దాటి బయటకు పోకుండుట. ఇది చెప్పుట పెద్దలకు రుచింపదని ఎఱుగుదుము.

మా బళ్లారి సీమలో "ఎందుకు పోయినావు" అనుటకు "యాల పోతివి" అందురు. ఆంధ్రదేశమునుండి మా యింటికి కోడలుగ వచ్చిన పిల్ల మొదట ఈ మాట విని నవ్వినది. ఏల అను మాటను పద్యమున చదివినపుడు తలయూచినవారే, నోట విన్నపుడు నవ్వుదురు. పోతివి, వస్తిమి అను క్రియారూపములును అట్టివే. గ్రంథమున గౌరవము, వీథిలో హాస్యము. దీనికి ఎదురుగ మఱొక మాట చూడుడు. కన్నడ సోదరులు మల్లెల పరిమళమును "కంపు" అందురు. మన ప్రాచీన వాఙ్మయమునను ఆ మాటకు వాసన, సువాసన అను అర్థములు కలవు. నేటి తెలుగున కంపు అన్నచో ముక్కు మూసికొందురు. మా యింటను అంతే. ఆ మాటను నిలుపుకొన్నది మేము కాదు, పొరుగువారు. దాచియుంచితిమను పెద్దల జాబితాలో ఇట్టి లోట్లనుగూడ వ్రాయవలసి యుండును.

ఫిన్నుల కథలో చెప్పక మిగిలినది ఒకటి కలదు. 1917లో రష్యా సామ్రాజ్యము కూలగా ఫిన్లండు స్వతంత్రమైనది. మఱుసటి సంవత్సరము అక్టోబరు 9న వారి శాసనసభ ఒక జర్మను రాజవంశీయుని తమ రాజుగ ఎన్నుకొన్నది. హెస్సె వంశపు ఫ్రీడ్రిష్ కార్ల్ అతని పేరు. జర్మను కైజరునకు చెల్లెలి భర్త. ఆ పేరున మొదటి భాగపు చివర నున్నది రాజశబ్దపు చుట్టమే, రెండవ భాగము స్లావులకు రాజైన కార్ల్. బావమఱది బిరుదు సీజరు. ఫిన్నులు అతనిని పిలువదలచినది "కునింగస్" అని. ఐరోపా రాజశబ్దములన్నియు ఒక మనుష్యుని చుట్టు చేరినవి. నెల తిరుగునప్పటికి యుద్ధమున జర్మనీ ఓడి కైజరు గద్దె దిగెను. ఫ్రీడ్రిష్ కార్ల్ ఆ దేశమున అడుగు పెట్టకయే డిసెంబరు 14న తనకు ఆ పదవి వలదని తప్పుకొనెను. 1919లో ఫిన్లండు గణతంత్రమైనది. తమ గడ్డపై తమ రాజు ఒక్కడును కూర్చుండని దేశము అది. అచటి పిల్లలు చదరంగపు బల్లపై ఆ కొయ్యబొమ్మను, చీట్లపేకలో ఆ గడ్డపు బొమ్మను నేటికిని కునింగస్ అనియే పిలుచుచున్నారు.

మా కోడలు ఇప్పుడు నవ్వుట లేదు. ఆమె పిల్లలు తల్లితో ఎందుకు అందురు, మాతో యాల అందురు, వీథిలో కన్నడమున యాకె అందురు. వారిలో పెద్దది మొన్న మమ్ము అడిగినది, ఈ మూడింటిలో ఏది ఒప్పని. మూడును ఒప్పే యని చెప్పితిమి, అది నమ్మలేదు.